హబ్షీ అను మాట

సైన్యము నడచిన దారి వెంట మాటలు కూడ నడచును. యుద్ధము ముగిసినంతనే గుడారములు పీకివేయబడును, గుఱ్ఱములు మరలిపోవును, ఫిరంగులు త్రుప్పు పట్టును. కాని ఆ సైన్యముతో వచ్చిన మాటలు మాత్రము ఊరిలోనే నిలిచిపోయి, సంతలోను వీథిలోను మనతో కాపురము చేయుచుండును. మన తెలుగులో అట్టి మాటలు ఎన్నియో కలవు. వానిలో ఒక్క మాటను గూర్చి నేడు ముచ్చటించుకొందము. అది 'హబ్షీ' అను మాట.

ఈ మాటను వెదకుటకు గ్రంథాలయమునకు పోనక్కరలేదు. సికిందరాబాదు నుండి తూర్పుగా వరంగల్లు దారి పట్టినచో మెట్టుగూడ, తార్నాక దాటిన పిమ్మట హబ్సీగూడ వచ్చును. అచ్చటి కూడలి నుండి ఒక బాట నాచారము వైపు చీలును. పెద్ద బాట తిన్నగా ఉప్పలునకు సాగిపోవును. ఉప్పలు, నాచారము ఒకప్పుడు చెరువులు, పొలములు గల పల్లెలు. నేడు నాచారమున కర్మాగారములు, ఉప్పలున క్రికెట్టు మైదానము, నడుమ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి జాతీయ విజ్ఞాన సంస్థలు వెలసినవి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది మొదలు ప్రతి కొన్ని నిమిషములకు ఒకసారి ఆ రైలులో 'హబ్సీగూడ' అను పేరు బిగ్గరగా వినిపించుచున్నది. వేలకొలది జనులు ఆ పేరు విని దిగుచున్నారు, ఎక్కుచున్నారు. ఆ పేరులో ఆఫ్రికా ఖండపు దేశ మొకటి దాగియున్నదని తలచువారు మాత్రము కొద్దిమందియే.

మొదట మన సైనిక పదజాలమును ఒక్కసారి పరికింతము. దండు, బంటు, పాళెము, మోహరము మొదలగునవి మనకు చిరకాలముగా పరిచితములు. 'రౌతు' అనునది సంస్కృతమునందలి 'రాజపుత్ర' శబ్దము నుండి రూపు మారుచు వచ్చి గుఱ్ఱపు బంటునకు పేరైనది. అటు పిమ్మట సుల్తానుల కాలమునుండి క్రొత్త మాటల వెల్లువ వచ్చినది. 'సిపాయి' పారసీక పదము. 'ఫౌజు' అరబ్బీ పదము. మన బడిపిల్లలు కూడ ఎరిగిన 'కవాతు' అను మాటకు మూలము 'కవాయిద్'. అది 'కాయిదా' అను అరబ్బీ పదమునకు బహువచనము, అనగా నియమములు. నియమముల ననుసరించి అడుగు వేయుటయే కవాతు. 'తుపాకి' తురుష్క భాషనుండి వచ్చినది. 'పటాలము' ఐరోపా వారి బెటాలియనునకు తెలుగు వేషము.

ఈ మాటలు మన నాలుకల మీదనే గాక మన నేలమీద కూడ స్థిరపడినవి. పారసీకమున 'లష్కర్' అనగా సైన్యము. 1806వ సంవత్సరమున సికందర్ జా పేరిట సికిందరాబాదు ఏర్పడి ఇంగ్లీషు దండునకు నిలయమైనందున ఆ ఊరు జనుల నోట 'లష్కర్' అయినది. నేటికిని ఆషాఢ మాసమున ఉజ్జయినీ మహాకాళికి జరుగు ఉత్సవమును 'లష్కర్ బోనాలు' అనియే పిలుచుచున్నారు. నగరమునకు దక్షిణమున నున్న 'బార్కాస్' అను పేట పేరు ఇంగ్లీషు వారి 'బారక్సు' తప్ప వేరు కాదు. అచ్చటి అరబ్బు సిపాయిల వంశీయులను 'చావూషు'లు అందురు; 'చావూష్' అనునది తురుష్క సైన్యమున ఒక చిన్న అధికారికి పేరు. బొల్లారమునను గోలకొండయందును 'రిసాలా బజారు' లున్నవి. 'రిసాలా' అనునది విచిత్రమైన పదము. అరబ్బీలో దానికి సందేశము, పంపబడినది అని అర్థము. ఆ అర్థమునుండియే ఉర్దూలో పత్రికకు 'రిసాలా' అను పేరు వచ్చినది. మన దేశమున గుఱ్ఱపు దళమునకు కూడ అదియే పేరైనది. ఒకే మాట పాఠకుని చేతిలో పత్రిక, రౌతు నోట పటాలము.

ఇక హబ్షీ. ఎఱ్ఱ సముద్రమునకు ఆవలి గట్టున నున్న ఎత్తైన పీఠభూమిని అరబ్బులు 'హబష్' అని పిలిచిరి. నేటి ఇథియోపియా, ఎరిత్రియా దేశములు ఆ భూమిలోనివి. దక్షిణ అరేబియాలోని ప్రాచీన శాసనములలోనే ఈ పేరు కనబడుచున్నది. ఆ దేశస్థులు తమ్ము తాము నేటికిని 'హబెషా' అనుకొందురు. ఐరోపా వారి 'అబిసీనియా' కూడ ఈ మాట రూపాంతరమే. దేశము పేరునకు చివర 'ఈ' చేర్చినచో ఆ దేశపు వాడని అర్థము వచ్చుట అరబ్బీ, పారసీక భాషల పద్ధతి. హైదరాబాదు వాడు హైదరాబాదీ అయినట్లే, హబష్ దేశపు వాడు హబ్షీ. మాట పుట్టుకలో ఇంతకు మించి ఏమియు లేదు. అందు నిందయు లేదు, స్తుతియు లేదు. ఇస్లాము మతమున తొలిసారి ప్రార్థనకు పిలుపునిచ్చిన బిలాల్ మహనీయుని కూడ 'హబషీ' అనియే గౌరవముతో చెప్పుకొందురు.

అయినచో ఒక దేశపు జనుల పేరు సైనిక పదమెట్లయినది? ఇట్టి మార్పు మనకు క్రొత్త కాదు. నేపాలమున గోర్ఖా అను ఊరు కలదు. ఆ ఊరి పేరు మొదట ఒక రాజ్యమునకు, తరువాత ఒక సిపాయి పటాలమునకు, చివరకు మన వీథులలో రాత్రివేళ ఈల ఊదుచు తిరుగు కావలివానికి పేరైనది. నేడు 'గూర్ఖా వచ్చినాడు' అన్నచో వాడు నేపాలమువాడో కాడో ఎవరును అడుగరు. 'ఫిరంగి' కథ ఇంకను వింతయైనది. ఐరోపాలోని ఫ్రాంకు జాతి పేరు అరబ్బుల నోట, పారసీకుల నోట మారి 'ఫరంగీ' యై ఐరోపా వారందరికిని వర్తించినది. తెలుగున అది వారు తెచ్చిన శతఘ్నికే పేరైనది. మనుష్యుడు పోయి ఆయుధము మిగిలినది. ఫ్రెంచి సైన్యమునందలి 'జువావు'లు కూడ ఉత్తర ఆఫ్రికాలోని ఒక తెగ పేరును మోసినవారే. ఏ జాతివారు ఒక పనిలో ప్రసిద్ధులగుదురో, ఆ జాతి పేరు క్రమముగా ఆ పనికి పేరగును. హబ్షీల విషయమునను జరిగినది ఇదియే. వారి పని గుఱ్ఱపు స్వారి, కోట కావలి, ఓడ కావలి.

కాని గోర్ఖాలకును హబ్షీలకును ఒక పెద్ద భేదము కలదు. గోర్ఖా సిపాయి జీతమునకు వచ్చినవాడు. హబ్షీలలో పెక్కుమంది అమ్మబడి వచ్చినవారు. ఇథియోపియా పీఠభూమిలో యుద్ధములలో చిక్కిన బాలురను, కరవు కాలమున అమ్ముకొనబడిన బిడ్డలను వర్తకులు ఎఱ్ఱ సముద్రపు రేవులకు తెచ్చి అరేబియా, ఇరాకు విపణులలో అమ్మెడివారు. అచ్చటనుండి కొందరు పడమటి కనుమల దిగువ నున్న చౌలు, దాభోలు వంటి రేవుల ద్వారా దక్కనునకు చేరిరి. తల్లి భాష పోయినది, తల్లి పెట్టిన పేరు పోయినది; యజమాని పెట్టిన క్రొత్త పేరుతో, క్రొత్త మతముతో, క్రొత్త ఆయుధముతో వారు మరల జన్మించవలసి వచ్చినది.

ఇట్టి బానిసత్వమునకును అమెరికా తోటలలోని బానిసత్వమునకును తేడా యున్నది. పశ్చిమాసియా రాజ్యములలో యుద్ధవిద్య నేర్పుటకే బానిసలను కొనెడి ఆచారము చిరకాలము నుండి కలదు. అట్టివానిని 'మమ్లూకు' అందురు. ఆ మాటకు 'సొత్తైనవాడు' అని అర్థము. ఢిల్లీలో కుతుబ్ మీనారునకు పునాది వేసిన కుతుబుద్దీను ఐబకు అట్టి తురుష్క బానిసయే. రాజులు బానిస సిపాయిని కోరుటకు కారణము స్పష్టము. స్థానిక సామంతునకు బంధువులుందురు, భూములుందురు, వంశ వైరములుండును. నేడు మనవాడు, రేపు శత్రువుతో చేరును. దూరదేశమునుండి తేబడిన బాలునకు యజమాని తప్ప దిక్కులేదు. ఆ దిక్కులేనితనమునే రాజులు విశ్వాసమునకు హామీగా తలచిరి. అయినను శక్తి గలవానికి అది శాశ్వత బంధనము కాలేదు. యజమాని చనిపోయిన పిమ్మట వాడు స్వతంత్రుడై, తానే సేనాని యగుట, తానే మఱి కొందరిని కొనుట కూడ జరుగుచుండెడిది.

చరిత్రలో హబ్షీల అడుగుజాడలు మన దేశమంతట కనబడును. 13వ శతాబ్దిలో రజియా సుల్తానా కొలువున జమాలుద్దీను యాకూతు అను హబ్షీ అశ్వశాలాధిపతిగా నుండెను. అతని ఉన్నతిని ఓర్వలేని తురుష్క ప్రభువులు తిరుగబడి 1240వ సంవత్సరమున అతనిని చంపిరి. 14వ శతాబ్దిలో ఈ దేశమున సంచరించిన ఇబ్న్ బతూతా, గుజరాతు తీరమున తానెక్కిన ఓడలో యాభైమంది హబ్షీ యోధులుండిరనియు, ఓడపై వారున్నచో సముద్రపు దొంగలు దగ్గరకు రారనియు వ్రాసినాడు. వంగదేశమున 1487 నుండి 1493 వరకు హబ్షీలే సుల్తానులైరి. అహమ్మదాబాదులో రాతిని జరీ వలె చెక్కిన జాలక గవాక్షములతో 1573 ప్రాంతమున మసీదును కట్టించిన సిద్దీ సయ్యదు ఈ జాతివాడే. కొంకణ తీరమున జంజీరా జలదుర్గము నేలిన సిద్దీలను మొగలులు గాని, మరాఠాలు గాని, పోర్చుగీసులు గాని ఆ కోటనుండి కదలింపలేకపోయిరి. ఆ సంస్థానము 1948లో భారతదేశమున విలీనమగువరకు నిలిచెను.

ఇచ్చట 'సిద్దీ' అను మాటను గూర్చి ఒక్క ముక్క. హబ్షీలకే దక్కనున ఇది రెండవ పేరు. దీనికి మూలము 'సయ్యిదీ' అను అరబ్బీ సంబోధనమని చెప్పుదురు. 'నా ప్రభూ' అని దాని అర్థము. అంగడిలో అమ్ముడుపోయిన వానికి 'ప్రభువు' అను పేరు దక్కుట మాటల లోకమున అరుదైన విషయము. ఇంగ్లీషులో బానిసకు వాడు 'స్లేవ్' అను మాట స్లావు జాతి పేరునుండి పుట్టినది. అచ్చట జాతి పేరు బానిసకు పేరయ్యెను. ఇచ్చట బానిస జాతికి ప్రభువని పేరయ్యెను.

దక్కనున హబ్షీలకు ఇంతటి స్థానము దొరకుటకు రాజకీయ కారణము కలదు. 1347లో ఏర్పడిన బహమనీ రాజ్యము ఉత్తరమున ఢిల్లీ నుండి విడిపోయినది. కావున మధ్య ఆసియా రౌతులు ఢిల్లీ దారిన ఇచ్చటికి వచ్చుట కష్టమైనది. మనుష్యులు, గుఱ్ఱములు సముద్రముమీదనే రావలసి యుండెను. ఓడలలో ఇరాను, అరేబియాల నుండి వచ్చిన ప్రభువులను 'అఫాకీ'లనిరి; ఇచ్చటనే స్థిరపడినవారిని 'దక్కనీ'లనిరి. కొలువులో ఈ రెండు కక్షల నడుమ వైరము బయలుదేరినప్పుడు, ఓడలోనే వచ్చినవారైనను హబ్షీలు దక్కనీల పక్షమున నిలిచిరి. తిరిగి పోవుటకు ఊరు లేనివారికి ఉన్న ఊరే తమ ఊరు. బహమనీ రాజ్యము చీలి ఐదు రాజ్యములైన తరువాత బీజాపూరు, అహమదునగరములలో హబ్షీలు మంత్రులు, రాజప్రతినిధులు కూడ అయిరి. బీజాపూరునందలి ఇఖ్లాసు ఖాను చిత్రపటములు నేటికిని ప్రపంచ వస్తుప్రదర్శనశాలలలో నున్నవి.

వీరందరిలో మేటి మలిక్ అంబరు. ఇతడు 1548 ప్రాంతమున ఇథియోపియాలో పుట్టెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు చాపు. బాల్యముననే అమ్ముడుపోయి, చేతులు మారి, బాగ్దాదున ఒక వర్తకుని ఇంట చదువు నేర్చెను. 'అంబరు' అను పేరు అచ్చటనే వచ్చెను. పిమ్మట దక్కనునకు తేబడి, అహమదునగరపు పేష్వా చంగేజు ఖానునకు అమ్మబడెను. ఆ చంగేజు ఖాను కూడ ఒకనాటి హబ్షీ బానిసయే! యజమాని చనిపోయిన పిదప అంబరు స్వతంత్రుడై, కొలది రౌతులను కూడగట్టి బ్రతుకు ప్రారంభించెను. 1600లో మొగలులు అహమదునగరపు కోటను పట్టుకొనినప్పుడు రాజ్యము ముగిసినదని అందరు తలచిరి. అంబరు మాత్రము రాజవంశీయు నొకనిని గద్దెనెక్కించి, తాను సర్వాధికారియై, అక్బరు సేనలతోను జహంగీరు సేనలతోను పాతికేండ్లు పోరాడెను.

అతడు బానిసగా వచ్చిన నేలపై నగరమును నిర్మించెను. 1610లో అతడు ఖడ్కీ అను చోట కట్టిన పట్టణమే తరువాత ఔరంగాబాదైనది. ఆ పట్టణమునకు అతడు నేల క్రింద గొట్టముల గుండ నీరు తెప్పించిన కాలువ 'నహరె అంబరీ' అని ప్రసిద్ధి. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థ జరుగు వరకు ఔరంగాబాదు హైదరాబాదు రాష్ట్రములోని భాగమే యగుటచే, ఈ కథ మన ఇంటి కథయే యని చెప్పవచ్చును.

అంబరు యుద్ధరీతి వలన మఱి రెండు సైనిక పదములు వ్యాప్తికి వచ్చినవి. పెద్ద సైన్యమును ఎదురుగా ఢీకొనక, తేలిక గుఱ్ఱములమీద వచ్చి, మేతను నీటిని అందకుండ జేసి, రాత్రివేళ దాడి చేసి మాయమగుట అతని పద్ధతి. మొగలు చరిత్రకారులు దీనిని 'బర్గీగిరి' అనిరి. 'బార్గీర్' అనగా పారసీకమున బరువు మోయునది, మోయువాడు. దక్కను సైన్యములలో ప్రభుత్వమువారి గుఱ్ఱము నెక్కి పోరాడు రౌతునకు ఆ పేరు. తన గుఱ్ఱమును తన ఆయుధమును తానే తెచ్చుకొను రౌతు 'సిలాహ్ దారు'. 'సిలాహ్' అనగా ఆయుధము. మన పల్లెలలో 'సిలేదారు' అని వినబడునది ఈ మాటయే. ఈ సిలేదారి పద్ధతి హైదరాబాదు కంటింజెంటు రిసాలాలలోను, పిమ్మట బ్రిటిషు హిందూదేశపు రిసాలాలలోను సాగి, మొదటి ప్రపంచ యుద్ధము తరువాత రద్దయినది. అంబరు సేనలో మరాఠా రౌతులు వేలకొలది యుండిరి. శివాజీ తండ్రి షాహాజీ యౌవనమున ఆ సేనలోనే పోరాడెను. 18వ శతాబ్దిలో మరాఠా రౌతులు వంగదేశముపై దాడి చేసినప్పుడు అచ్చటి తల్లులకు 'బర్గీ' యన్నది బిడ్డలను భయపెట్టు పేరైనది.

ఇచ్చట మన మాటకు ముఖ్యమైన ఘట్టము వచ్చుచున్నది. జహంగీరు చక్రవర్తి అంబరును యుద్ధమున గెలువలేకపోయెను. తన స్వీయచరిత్రలో అతనిని శరీరపు రంగు నెత్తి తిట్టెను. అంతట తృప్తి చెందక, అంబరు తలను తాను బాణముతో కొట్టుచున్నట్లు చిత్రము వ్రాయించుకొనెను. ఆ చిత్రము నేటికిని నిలిచియున్నది. నిజమునకు అట్టి సంఘటన ఎన్నడును జరుగలేదు. అంబరు 1626లో వృద్ధుడై సహజ మరణము నొందెను. ఖుల్దాబాదున అతని సమాధి కలదు. అతడు పోయిన పిమ్మట జహంగీరు కొలువునందలి చరిత్రకారుడే, యుద్ధమునందును సేనానాయకత్వమునందును పాలనయందును ఈ హబ్షీకి సాటి లేడని వ్రాసెను. ఒకే కొలువున ఒకే మాట రెండు విధములుగా పలుకబడినది. ఒక నోట రంగునకు తిట్టు; ఒక కలమున విద్యకు కీర్తి. 'హబ్షీ' పదము చరిత్ర యంతయు ఈ రెండు అర్థముల పెనుగులాటయే.

ఇక మన నగరమునకు వత్తము. హైదరాబాదున ఈ జాతి జ్ఞాపకములు ఒకటి రెండు కావు. అఫ్జల్ గంజి దాపున 'సిద్ది అంబరు బజారు' కలదు. పేరు కలిసినంత మాత్రమున ఔరంగాబాదు మలిక్ అంబరుతో దీనిని ముడిపెట్టరాదు. ఆసఫ్ జాహీల కాలమున అరబ్బులతో పాటు హబ్షీలు కూడ వచ్చి నిజాముయొక్క క్రమబద్ధము కాని సైన్యమున చేరిరి. 19వ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశ్వరుడైన రాజా రామేశ్వరరావు ఆఫ్రికా వారితో ఒక అంగరక్షక దళమును పోషించెను. అది తరువాత నిజాము సేనలో చేరి 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు' అయినది. తెలుగు సంస్థానమునుండి హబ్షీ రౌతులు నగరమునకు వచ్చుట ఈ కథలో మఱువరాని విశేషము. మాసాబ్ ట్యాంకు సమీపమున వారు కాపురమున్న చోటు నేటికిని 'ఏ.సి. గార్డ్సు' అను పేరుతో నున్నది. ఏ.సి. అన్నంతనే చల్లని గాలి యంత్రమును తలచు ఈ కాలమున, అది ఆఫ్రికా ఆశ్విక దళమునకు పొడి అక్షరములని చెప్పిననే గాని తెలియదు.

తూర్పున నున్న హబ్సీగూడకును హబ్షీ సిపాయిల నివాసము వలననే ఆ పేరు వచ్చినదని నగరమున చిరకాల ప్రతీతి. మాట నిర్మాణము దీనికి అనుకూలముగా నున్నది. 'గూడు', 'గూడెము' అచ్చమైన తెలుగు మాటలు. ఊరికి దూరముగా, తరచుగా ఒకే తెగవారు, ఒకే పనివారు గుమిగూడి కట్టుకొన్న చిన్న నివాసము గూడెము. కాచిగూడ, మెట్టుగూడ, లాలాగూడ మొదలగు పేర్లలో ఉన్నది ఈ 'గూడ'యే. హబ్షీలోని షకారము పామరుల నోట సకారమై, దానికి తెలుగు గూడ చేరి, హబ్సీగూడ యైనది. ఆఫ్రికా దేశపు పేరు, అరబ్బీ ప్రత్యయము, తెలుగు గూడెము — మూడును ఒక్క పేరులో ఇమిడినవి.

రౌతుల నివాసము నగర ప్రాకారమునకు బయట ఉండుట సహజమే. గుఱ్ఱమునకు దినదినము గడ్డి కావలెను, నీరు కావలెను, పరుగెత్తుటకు బయలు కావలెను. పాతబస్తీ ఇరుకు సందులలో ఇవి దొరకవు. నగరమునకు తూర్పున ఉప్పలు నల్ల చెరువు, నాచారము చెరువు, వాని చుట్టు పచ్చిక బయళ్లు ఉండెడివి. ప్రక్కనున్న తార్నాక పేరును కూడ 'తార్', 'నాకా' అని విడదీసి, ముళ్ల తీగె కంచెయు కావలి ఠాణాయు నుండిన చోటని అర్థము చెప్పుదురు. 'నాకా' యన్నది కూడ కాపలాకు సంబంధించిన మాటయే. కావలి ఠాణా ఒకవైపు, రౌతుల గూడెము మఱియొకవైపు, వాని నడుమ వరంగల్లు దారి — పేర్లను వరుసగా చదివినచో పాత కాలపు నగర సరిహద్దు కనులకు గట్టినట్లుండును.

1948 సెప్టెంబరున పోలీసు చర్యతో నిజాము సైన్యము లొంగిపోయినది. అనంతరము ఆ సైన్యముతో పాటు హబ్షీల అశ్వదళము కూడ రద్దయినది. గుఱ్ఱములు పోయినవి, జీతములు పోయినవి. తరతరములుగా ఒక్క విద్యనే నమ్ముకొన్న కుటుంబములు కూలి పనికి, చిల్లర కొలువులకు దిగవలసి వచ్చెను. ఏ.సి. గార్డ్సులో నేడు నివసించు వారి వంశీయులు ఉర్దూ, తెలుగు మాటలాడు హైదరాబాదీలే. వారి పూర్వులనుండి మిగిలిన సొత్తు ఒకటి కలదు. నగరమున పెండ్లి ఊరేగింపులలో, ఉత్సవములలో మ్రోగు 'మర్ఫా' వాద్యము. అరబ్బు చావూషులును హబ్షీ సిద్దీలును కలసి పెంచిన ఈ వాద్యమును మతభేదము లేక నగర జనులందరును కోరి పిలిపించుకొందురు. ఒకనాడు సిపాయిలు ఆడిన ఆ లయకు నేడు పెండ్లివారు అడుగులు వేయుచున్నారు.

గుఱ్ఱము దిగిన తరువాత మాట కూడ దిగజారినది. పనికి పేరైన పదమునకు పని పోయినచో మిగులునది రూపమే. ఉత్తర హిందూస్థానమున నల్లని మిఠాయికి 'హబ్షీ హల్వా' యని పేరు పెట్టిరి. అందు చెరుపు లేదు. కాని మనుష్యుని రంగును జుట్టును ఎగతాళి చేయుటకు 'హబ్షీ' యనుట ఉర్దూ హిందీ వాడుకలో పాతుకొని, మన నగరపు వీథులలో కూడ వినబడుచున్నది. చదువుకొనుటకు ఆఫ్రికా దేశములనుండి హైదరాబాదునకు వచ్చు విద్యార్థులు ఈ మాటను ఈ అర్థముననే వినవలసి వచ్చుట విచారకరము. ఆ మాటను విసరువాడు తాను జహంగీరు తిట్టునే తిరిగి పలుకుచున్నాడని ఎరుగడు. ఆ జహంగీరు గెలువలేకపోయినాడనియు ఎరుగడు.

అట్లని హబ్షీల చరిత్రను కేవలము వీరగాథగా చేసి సంతోషించుటయు సరికాదు. ఒక మలిక్ అంబరు వెనుక పేరు తెలియని వేలమంది యున్నారు. తల్లి ఒడినుండి తెంచబడి, ఎఱ్ఱ సముద్రపు రేవులో వెలకట్టబడి, ఏ కోటగోడ క్రిందనో నేలకొరిగిన బాలుర పేర్లు ఏ చరిత్రకారుడును వ్రాయలేదు. వారిలో ఒక్కని పేరు కూడ మనకు దక్కలేదు. దక్కినది వారందరికిని కలిపి పెట్టిన ఒక్క పేరు మాత్రమే. ఆ పేరు ఏ తామ్రశాసనమునందో గాక, ఒక తెలుగు గూడెము మీద నిలిచినది.

మన దేశమున సిద్దీలు నేటికిని గుజరాతు, కర్ణాటక, మహారాష్ట్రములలోను హైదరాబాదునందును ఉన్నారు. కర్ణాటకమున ఉత్తర కన్నడ అడవులలో నివసించు సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగలలో చేర్చిరి. కొందరు సేద్యము చేయుదురు, కొందరు అటవీ సంపదపై బ్రతుకుదురు. వారి బిడ్డలు బడిలో చరిత్ర పాఠము చదువునప్పుడు అందు తమ పూర్వులు ఎచ్చటనైన కనబడుదురా యన్నది ఆలోచింపదగిన విషయము.

ఊళ్ల పేర్లు మార్చుట, మార్చవలెనని కోరుట ఈ కాలమున తరచుగా జరుగుచున్నది. హబ్సీగూడ వంటి పేరు చెవికి వింతగా తోచవచ్చును. తిట్టుమాటను పోలియున్నదని కొందరికి కష్టము కూడ కలుగవచ్చును. పేరును తీసివేసినచో తిట్టు మిగులును, చరిత్ర పోవును. పేరును ఉంచి అర్థము తెలిపినచో తిట్టే వెనుకంజ వేయును. ఉప్పలు, నాచారము పాఠశాలలలోని ఉపాధ్యాయులు ఒక్క గంట ఇందుకు కేటాయించినను చాలును. పటము మీద ఇథియోపియాను చూపి, ఎఱ్ఱ సముద్రమును దాటించి, చౌలు రేవున దింపి, ఔరంగాబాదు మీదుగా నగరమునకు నడిపించి, బడి ముంగిటి వీథి పేరు వద్ద ఆపవచ్చును. భూగోళము, చరిత్ర, భాష మూడును అందే వచ్చును.

శ్రోతలలో ఆ దారిన ప్రతిదినము పోవువారు పెక్కుమంది యుందురు. ఇంటిలోని పిల్లలు హబ్సీగూడ యనగా నేమని అడిగినచో, అది నల్లనివారి ఊరని చెప్పి ఊరుకొనవలదు. హబష్ అను దేశమునుండి వచ్చి, గుఱ్ఱపు స్వారిలో పేరుగాంచి, ఈ నగరమునకు కావలి కాచిన రౌతుల గూడెమని చెప్పవలెను. వారిలో పెక్కుమంది తమ ఇచ్ఛతో రాలేదని కూడ చెప్పవలెను. ఏ.సి. గార్డ్సున వారి మనుమలు మునిమనుమలు నేటికిని ఉన్నారని చెప్పుటయు మఱువరాదు.